మేజర్ సర్వీసుకు 9,500 అంచనా: ఎంత నిజంగా అవసరం, ఎంత ఇంట్లో చేసుకోవచ్చు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుచానూరులో ఉంటూ రోజూ రేణిగుంటకు ఉద్యోగానికి వెళ్లివచ్చే ఒకాయన దగ్గర 2019 నాటి పల్సర్ 150 ఉంది. 41,000 కిలోమీటర్లు తిరిగింది, వారంటీ ముగిసింది. అప్పుడప్పుడూ ఆ బండి మీదే తిరుమల కొండకు కూడా వెళ్తారు. సర్వీస్ సెంటర్‌లో మేజర్ సర్వీసుకు 9,500 రూపాయలు అవుతుందని అంచనా కాగితం ఇచ్చారు. ఇంత ఖర్చు న్యాయమేనా, వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకుంటే ఆ డబ్బంతా మిగులుతుందా అని ఆయన అడుగుతున్నారు.

అంతా మిగలదండీ. కానీ సగం దాకా మిగిలే అవకాశం ఉంది, అందులో పెద్ద భాగం మీరు పానా పట్టుకోకముందే మిగులుతుంది. నేను చాలా ఏళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో సూపర్‌వైజర్‌గా ఇలాంటి అంచనా కాగితాలు రాసినవాడిని. ఇప్పుడు మా ఇంటి బళ్ల పని నేనే చూసుకుంటున్నాను. కాబట్టి మీ కాగితాన్ని కౌంటరుకు అటు నుంచీ ఇటు నుంచీ కూడా చదవగలను.

మీరు పెట్టిన అంచనాలో విడిభాగాలు ఇవి: ఇంజిన్ ఆయిల్ 560, ఆయిల్ ఫిల్టర్ 90, ఎయిర్ ఫిల్టర్ 240, రెండు స్పార్క్ ప్లగ్గులు 260, చైన్ స్ప్రాకెట్ సెట్ 1,750, ముందు బ్రేక్ ప్యాడ్లు 320, వెనుక బ్రేక్ షూలు 280, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) 450, ఫోర్క్ సీళ్లు (ముందు షాకుల్లోని నూనె కారకుండా ఆపే రింగులు), ఆయిల్ కలిపి 600, క్లచ్ కేబుల్ 200. మొత్తం 4,750. లేబర్ 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,950. మిగిలిన 1,800 మూడు పద్దుల కింద వేశారు: ఇంజిన్ డీకార్బనైజింగ్ 650, టెఫ్లాన్ కోటింగ్ 900, కన్స్యూమబుల్స్ 250.

ముందుగా ఆ 1,800 కొట్టేయండి. ఇంజిన్ మామూలుగా లాగుతూ, మైలేజీ పడిపోకుండా, తట్టినట్టు శబ్దం రాకుండా ఉన్నప్పుడు ఏదో రసాయనం పోసి మసి కడగడం వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. టెఫ్లాన్ కోటింగ్ పేరుతో చేసేది చాలా చోట్ల పాలిష్ పూసి మెరిపించడమే. వ్యాక్స్ డబ్బా ఒకటి కొంటే ఇంట్లో ఏడాదంతా మీరే మెరిపించుకోవచ్చు. కన్స్యూమబుల్స్ అంటే గుడ్డముక్క, గ్రీజు, కాస్త క్లీనర్. వాటికి వంద రూపాయలు అంటే అర్థం ఉంది. ఇవన్నీ నెలవారీ లక్ష్యాల కోసం కాగితంలోకి ఎక్కే పద్దులు. వద్దని చెబితే ఎవరూ నొచ్చుకోరు, నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు కూడా నొచ్చుకోలేదు. కస్టమర్ అడగడమే తరువాయి, కొట్టేసేవాళ్లం.

లేబర్ 2,500 అన్యాయమని మాత్రం నేను అనను. హ్యాండిల్ విప్పి కోన్ సెట్ మార్చడం, ఫోర్కులు దించి సీళ్లు మార్చడం, చైన్ సెట్ మార్చడం, రెండు చక్రాలూ విప్పడం అన్నీ చేస్తే ఒక మెకానిక్‌కు దాదాపు ఒక పూట పని. ఆలోచించవలసింది ఆ పనులన్నీ మీ బండికి ఇప్పుడు కావాలా అన్నది.

బండితో పాటు వచ్చిన ఓనర్స్ మాన్యువల్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, తీసి వెనుక పేజీల్లోని సర్వీస్ పట్టిక చూడండి. ఇన్ని కిలోమీటర్లకు ఈ భాగాన్ని పరీక్షించాలి, ఇది శుభ్రం చేయాలి, ఇది మార్చాలి అని వేర్వేరుగా గుర్తులు ఉంటాయి. ఎక్కువ వరుసల్లో కనిపించేది పరీక్షించాలి అన్న గుర్తే. అంచనా కాగితం దగ్గరకు వచ్చేసరికి పరీక్షించాలి అన్న ప్రతి వరుసా మార్చాలి అయిపోతుంది. దీనికి దురాశ ఒక్కటే కారణమని కాదు. పరీక్షించడానికి సమయం పడుతుంది, ఆ సమయానికి బిల్లు వేయడం కష్టం. మార్చేస్తే భాగం అమ్ముడవుతుంది, లేబర్ వస్తుంది, కస్టమర్ మళ్లీ ఫిర్యాదుతో రాడు. ఇంట్లో చేసుకునేవాడికి ఉన్న అసలు లాభం ఇక్కడ ఉంది. మీకు సమయం ఉంది, కాబట్టి పరీక్ష మీరు చేయగలరు. దానికి నైపుణ్యం కంటే ఓపిక ఎక్కువ కావాలి.

కాగితంలో అన్నిటికంటే ఖరీదైన చైన్ స్ప్రాకెట్ సెట్ సంగతి ముందు చూద్దాం. చైన్ పక్కన 428 అని ముద్ర ఉంటుంది. ఆ రకం చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం 12.7 మిల్లీమీటర్లు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, కింది వైపు చైన్‌ను బిగుతుగా లాగి పట్టుకుని, వరుసగా ఇరవై ఒక్క పిన్నులు లెక్కపెట్టి మొదటి దాని మధ్య నుంచి చివరి దాని మధ్య వరకు స్టీలు స్కేలుతో కొలవండి. కొత్త చైన్ అయితే 254 మిల్లీమీటర్లు ఉండాలి. 259కి చేరిందంటే రెండు శాతం సాగిందన్న మాట, మార్చేయండి. 256 ఉంటే ఇంకా కొన్ని వేల కిలోమీటర్లు నడుస్తుంది. రెండు మూడు చోట్ల కొలవాలి, ఎందుకంటే చైన్ అంతటా సమానంగా సాగదు. వెనుక స్ప్రాకెట్ పళ్లు కూడా చూడండి. పళ్లు ఒక పక్కకు వాలి కొక్కెంలా కనిపిస్తే కొలత ఏం చెప్పినా మార్చవలసిందే. మార్చేటప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది తొందరగా పాడవుతుంది.

వెనుక డ్రమ్ బ్రేకుకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. బ్రేక్ ప్లేటు మీద లీవరు దగ్గర చిన్న ముల్లు, దాని కింద గీత ఉంటాయి. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకున్నప్పుడు ఆ ముల్లు గీత చివరి దాకా వెళ్తే షూలు అయిపోయినట్టు. ముందు ప్యాడ్ల మధ్యలో గాడి ఉంటుంది, టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. గాడి చెరిగిపోయే దశలో ఉంటే మార్చాలి. మీరు ఘాట్ రోడ్డు దిగుతారు కాబట్టి సగానికి అరిగిన ప్యాడ్లు ఉన్నా నేనైతే మార్చేస్తాను. 320 రూపాయలకు వెనకాడవలసిన చోటు కాదది.

కోన్ సెట్‌కు మరొకరి సాయం కావాలి. సెంటర్ స్టాండ్ మీద వెనుక సీటును ఒకరు కిందికి నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ కుదపండి, టకటకమని ఆడితే కోన్ వదులైందని అర్థం. చాలాసార్లు బిగిస్తే చాలు. తరువాత హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో ఏదో గుంటలో పడి ఆగినట్టు అనిపిస్తే బాల్ రేసర్లలో గుంటలు పడ్డాయి, అప్పుడు మార్చాలి. అలా అనిపించకపోతే 450 రూపాయలు, దానితో వచ్చే లేబరూ మిగులు. ఫోర్క్ సీళ్లకు అయితే వేలితో తుడిచి చూడటమే పరీక్ష. మెరిసే గొట్టాల మీద నూనె జిడ్డు వలయంలా కనిపించకపోతే సీళ్ల జోలికి పోవద్దు.

ఇక ఆ కాగితంలో లేనిది ఒకటి ఉంది, అది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. తొమ్మిదిన్నర వేల అంచనాలో టెఫ్లాన్‌కు చోటు ఉంది, బ్రేక్ ఫ్లూయిడ్‌కు లేదు. మీ ప్రశ్నను బట్టి చూస్తే బండి కొన్న నాటి నుంచి అది మార్చినట్టు లేదు. సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్చవలసిన ద్రవం అది. డిస్క్ బ్రేకులో వాడే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత బిగించి ఉన్నా, రబ్బరు గొట్టాల గుండా కూడా మెల్లగా తేమ చేరుతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఊళ్లో తిరిగినంత కాలం తేడా తెలియదు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా, మలుపు మలుపుకూ బ్రేకు పట్టుకుంటూ, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని దిగుతున్నప్పుడు మాత్రం కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) కాగిపోతుంది. ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. ద్రవం నిండుగానే ఉంటుంది కాబట్టి పైకి ఏ లోపమూ కనిపించదు.

ఈ సందర్భంలోనే ఒక మాట. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో కొండ దిగేవాళ్లను అలిపిరి దగ్గర చాలామందిని చూస్తుంటాను. గేరులో ఉంటే ఇంజిన్ మోయవలసిన బరువంతా ప్యాడ్ల మీద, షూల మీద పడుతుంది. తాళం తిప్పి ఆపేస్తే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కూడా పనిచేయదు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. ఎలాగూ నిర్ణీత సమయం కంటే ముందే కిందికి వస్తే జరిమానా తప్పదు, తొందరపడి సాధించేది ఏముంది?

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం పెద్ద విద్య కాదు, అయినా మీ బండి విషయంలో మొదటిసారి ఆ పని షాపుకే ఇవ్వమంటాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది, మీ బండికి ముందు చక్రానికి అది ఉండే ఉంటుంది. ద్రవం మార్చేటప్పుడు పై డబ్బా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్తే దాన్ని బయటకు తీయడం ఇంట్లో అయ్యే పని కాకపోవచ్చు. వంద, నూట యాభై రూపాయల ద్రవం, అరగంట లేబర్. డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే పోయించండి, సీల్ విప్పని కొత్త సీసా మీ కళ్ల ముందు విప్పమనండి. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ రకం, మిగతా వాటితో కలవదు. ద్రవం ట్యాంకు మీద చిందితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లు కొట్టాలి.

కాగితంలో లేని రెండో సంగతి టాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ. 41,000 కిలోమీటర్ల బండికి మేజర్ సర్వీస్ అని పేరు పెట్టి ఆ ఖాళీ (వాల్వ్ క్లియరెన్స్) చూడకపోతే ఆ పేరు దేనికి? మీ ఇంజిన్‌లో రెండే వాల్వులు, స్క్రూ, లాక్ నట్టుతో సరిచేసే రకం. ఇది మీ అదృష్టం. కేటీఎం 390 డ్యూక్ లాంటి బళ్లలో కొలిచి, తేడా వస్తే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) విప్పి, సరైన మందం ఉన్న షిమ్ (పలుచని లోహపు బిళ్ల) వెతికి వేయాలి. ఆ బళ్ల మేజర్ సర్వీస్ బిల్లు పెరగడానికి అదొక పెద్ద కారణం. పాత యూసీఈ ఇంజిన్ ఉన్న బుల్లెట్ 350, క్లాసిక్ 350 యజమానులకు ఈ బాధే లేదు, వాటికి ఆ ఖాళీని ఆయిల్ ఒత్తిడితో తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నాయి.

టాపెట్ల గురించి మన షెడ్లలో ఒక చెడ్డ అలవాటు ఉంది, చెవితో సరిచేయడం. టకటక శబ్దం వస్తోందని కస్టమర్ అంటాడు, మెకానిక్ ఆ శబ్దం పోయేదాకా స్క్రూ బిగిస్తాడు, బండి నిశ్శబ్దంగా నడుస్తుంది, ఇద్దరికీ ఆనందం. నిజానికి కాస్త శబ్దం చేసే టాపెట్ కంటే బిగుసుకున్న టాపెట్ ప్రమాదకరం. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ కాడ పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదల కోసమే ఖాళీ వదులుతారు. ఖాళీ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువ భాగం సీటుకు ఆనుకున్న క్షణాల్లోనే వదిలించుకుంటుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, హెడ్ విప్పి కొత్త వాల్వ్ వేయించాల్సి వస్తుంది. పైగా వాల్వ్ అరిగి సీటులోకి దిగినకొద్దీ ఖాళీ దానంతట అదే తగ్గుతుంది. శబ్దం తగ్గింది, బండి బాగుపడింది అని సంతోషించేవాళ్లు ఆలోచించవలసిన విషయం ఇది.

దీన్ని ఇంట్లో చేయవచ్చా అంటే, ఆయిల్ మార్చడం లాంటి పనులు కొన్నాళ్లు చేతికి అలవాటయ్యాక తప్పకుండా చేయవచ్చు. బండి రాత్రంతా ఆగి ఉండాలి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ప్లగ్గు విప్పేస్తే ఇంజిన్ తేలికగా తిరుగుతుంది. మాగ్నెట్ వైపు మూతలోని కిటికీ గుండా గుర్తులు కలిసేలా క్రాంకు తిప్పి, పిస్టన్‌ను పైకి తెచ్చుకోవాలి. అక్కడ రెండు రాకర్లూ (వాల్వులను నొక్కే చిన్న మీటలు) కాస్త వదులుగా కదలాలి. ఒకటైనా బిగుతుగా ఉంటే మీరు తప్పు స్ట్రోకులో ఉన్నారేమో చూసుకోండి, ఇంకొక చుట్టు తిప్పండి. మాన్యువల్‌లో చెప్పిన మందం ఉన్న ఫీలర్ గేజ్ రేకు మెల్లగా రాసుకుంటూ లోపలికి వెళ్లి రావాలి. ఇన్లెట్‌కు ఒక కొలత, ఎగ్జాస్ట్‌కు దానికంటే ఎక్కువ కొలత ఉంటాయి, అవి తారుమారు కాకూడదు. అన్నిటికంటే చికాకు పెట్టేది లాక్ నట్టు. బిగించేటప్పుడు దానితో పాటు స్క్రూ కూడా తిరిగి కొలత మారిపోతుంది. స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, క్రాంకు రెండు చుట్లు తిప్పి, మళ్లీ కొలవాలి. ఆ రెండో కొలత వదిలేసేవాళ్లే ఎక్కువ. షాపులో చేయిస్తుంటే గేజ్ బయటకు తీశారా లేదా అన్నది ఒక్కటి గమనించండి, మీకు కావలసిన సమాధానం దొరుకుతుంది.

ఇక తొలిసారే మీరు నిశ్చింతగా చేసుకోదగ్గ పనులు: ఆయిల్, రెండు ఫిల్టర్లు, ప్లగ్గులు, చైన్ శుభ్రం, క్లచ్ కేబుల్.

ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మన బళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే పదార్థాలు ఉండవచ్చు, అవి క్లచ్‌ను జారేలా చేస్తాయి. గ్రేడు, పరిమాణం మాన్యువల్ చెప్పినట్టే పోయండి. బండిని అయిదు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు విప్పాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా ఈ బోల్టు దగ్గరే. బోల్టు ఉక్కు, ఇంజిన్ అల్యూమినియం. బలం ఉంది కదా అని పొడవాటి పానాతో బిగిస్తే ఇంజిన్ వైపు మర పోతుంది, ఇక లేత్ షాపు చుట్టూ తిరగాలి. కొత్త వాషర్ వేసి, టార్క్ రెంచి ఉంటే మాన్యువల్‌లోని అంకెకు బిగించండి. ఫిల్టర్ మూత తీసినప్పుడు దాని ఓ-రింగు కూడా మార్చండి, లేకపోతే మర్నాడు ఉదయం బండి కింద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పాత ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చిందంటే నీళ్లు కలిశాయి. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతిలో నీటిలో మునిగిన బళ్లలో ఆ రంగు చాలా చూశాం. అటువంటి ఇంజిన్‌కు ఒకసారి ఆయిల్ మారిస్తే సరిపోదు.

ప్లగ్గులు మీ బండికి రెండు, ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి. అందుబాటుగా ఉన్న దాన్ని మార్చి రెండోదాన్ని అలాగే వదిలేసిన బళ్లు ఎన్నో మా దగ్గరకు వచ్చేవి, బిల్లులో మాత్రం రెండూ ఉండేవి. పాత ప్లగ్గులు రెండూ చేతికి ఇమ్మని అడగడం మీ హక్కు. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయాలి, కొత్తదాన్ని మొదటి కొన్ని చుట్లు వేళ్లతోనే తిప్పాలి. లేత గోధుమ రంగులో ఉంటే అంతా సవ్యం. పొడి మసి అంటుకుని ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. రేణిగుంట రోడ్డు మీద లారీల వెనుక రోజూ తిరిగే బండికి మాన్యువల్ చెప్పిన దూరం కంటే ముందే ఫిల్టర్ నిండిపోతుంది. నురుగు రకమైతే కడుక్కోవచ్చు, కాగితం రకమైతే మార్చడమే. నూనె పూసిన కాగితాన్ని గాలి కొట్టి శుభ్రం చేయకండి.

చైన్ కడగడానికి పెట్రోలు వాడవద్దు, ఓ-రింగులు ఉన్న చైన్ అయితే అవి పాడవుతాయి. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం, డీజిల్, మెత్తని బ్రష్ చాలు. ఆరిన తరువాత 90 నంబరు గేర్ ఆయిల్ పట్టించి, ఎక్కువైనది తుడిచేయండి. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి గేరు వేసి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పట్టుకునేవాళ్లు ఉన్నారు. వేళ్లు తెగిపోయే పని అది, ఎంత అనుభవం ఉన్నా చేయవద్దు.

కార్బురేటర్ ఊరికే విప్పకండి. ఐడ్లింగ్ నిలకడగా ఉంటే దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేదు. పెట్రోలు గొట్టం మాత్రం వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, మీ బండి అంతకు ముందు నాటిది. రబ్బరు గట్టిపడి పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి, చాలా చవకైన భాగం. అంచనా కాగితంలో ఇది కూడా లేదు.

విడిభాగాలు ఎక్కడ కొనాలి అంటే, కంపెనీ డీలరు కౌంటరులోనే కొనండి. చెన్నై జీపీ రోడ్డులో చవక అని కొందరు చెబుతారు, ఏదైనా పనిమీద వెళ్తే సరే. ఫిల్టర్ మీద నలభై రూపాయలు మిగుల్చుకోవడానికి ప్రత్యేకంగా వెళ్లడం ఎందుకు? బ్రేక్ ప్యాడ్ల విషయంలో నకిలీల భయం కూడా ఉంది. ఎక్కడ కొన్నా పెట్టె మీది ఎమ్మార్పీ చూడండి. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే అడగండి. చాలా విడిభాగాల మీద 28 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర ముద్రించిన పెట్టెలు అంటగడుతుంటే అదీ అడగవచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, ప్యాడ్లు, షూలు, కేబుల్ అన్నీ కొత్తవి వేసినా మీ కాగితం ధరల ప్రకారమే 1,950. చైన్ కొలత దాటిపోయి ఉంటే మరో 1,750 కలిపి 3,700. బ్రేక్ ఫ్లూయిడ్, టాపెట్లు, ప్యాడ్లు, షూల పని బయట నమ్మకమైన మెకానిక్‌కు ఇస్తే ఆరేడు వందలు అనుకోండి. చైన్ మార్చే పని కూడా ఇస్తే ఇంకో మూడు వందలు. అంటే సుమారు 2,700 నుంచి 4,700 మధ్య తేలుతుంది. అయితే మొదటి ఏడాది పనిముట్లకు ఖర్చు ఉంది. మంచి రింగ్ పానాల సెట్, టీ పానాలు, ప్లగ్ పానా, ఫీలర్ గేజ్, చిన్న టార్క్ రెంచి కలిపి మూడు వేల దాకా అవుతాయి. నాసిరకం పానాలు కొంటే నట్ల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, తరువాత మెకానిక్ కూడా విప్పలేడు. మొదటిసారి మిగులు పెద్దగా కనిపించదు. రెండో సర్వీస్ నుంచి తెలుస్తుంది, అదీ ప్రతిసారీ మీరే చేసుకుంటేనే. ఒకసారి చేసి విసుగొచ్చి మానేసేట్టయితే పనిముట్లు కొనకండి. పరీక్షలు మాత్రం చేసుకుని, ఏవి మార్చాలో జాబితా రాసుకుని, అదే షాపుకు వెళ్లండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఆదివారం సాయంత్రం బండి విప్పకండి. షాపులు మూసి ఉంటాయి, ఒక వాషర్ తక్కువైతే సోమవారం ఆఫీసుకు బస్సే దిక్కు. శనివారం ఉదయం మంచిది. తీసిన పాత ఆయిల్ కాలువలో పోయకండి, చెట్ల మొదళ్లలో అసలే వద్దు. ఖాళీ అయిన కొత్త డబ్బాలోకే నింపి ఏదైనా మెకానిక్ షెడ్డులో ఇస్తే వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు.

షాపుకు వెళ్లినప్పుడు జాబ్ కార్డు మీద ఈ నాలుగు మాటలు రాయించండి: బ్రేక్ ఫ్లూయిడ్ పూర్తిగా మార్చాలి, టాపెట్ కొలత ముందు ఎంత ఉంది, తరువాత ఎంత పెట్టారు రాయాలి, మార్చిన భాగాలు తిరిగి ఇవ్వాలి, కార్డులో లేని పని ఫోను చేసి అడగకుండా చేయకూడదు. టాపెట్ కొలతలు రాయడానికి ఎవరైనా తటపటాయిస్తే ఆ పని అక్కడ చేయించకండి. చైన్ కొలత ఎంత వచ్చిందో, వెనుక బ్రేకు ముల్లు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాస్తే ఆ రెండూ ఇప్పుడు మార్చాలో, వచ్చే సర్వీసుకు వదిలేయవచ్చో చెబుతాను.